మా బావను కరెంటు చంపలేదు

పెద్దకర్మ నాడు రెండో బంతిలో కూర్చున్నాను. పామర్రు దగ్గర మా చెల్లెలి ఊరు. తాటాకు పందిరి కింద బల్లలు వేసి, విస్తళ్ళు పరిచి గుమ్మడికాయ పులుసు వడ్డిస్తున్నారు. ఎదురు వరసలో ఊళ్ళో పదిమందీ మాట వినే పెద్దాయన ఒకరు, మా బావకు వరసకు అన్న, పెరుగన్నం కలుపుకుంటూ అన్నారు: "లివర్‌కి క్యాన్సరన్నాక ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి గానీ ఆ ఇంజెక్షన్లేంటి, ఆ కరెంటేంటి? కరెంటు పెట్టించి చంపుకున్నారు మనిషిని." బంతిలో ఉన్నవాళ్ళు అవునవునన్నారు. మజ్జిగ గిన్నె పట్టుకుని వెనకే నిలబడ్డ మా పెద్ద మేనల్లుడు ఆ మాట విన్నాడు. తండ్రిని ఆసుపత్రులన్నీ తిప్పింది వాడే. గరిటె గిన్నెలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

చావింట్లో వాదనెందుకని నేను నోరు మెదపలేదు. ఊరుకోవడం తప్పని నెల తిరక్కుండానే తెలిసింది. విజయవాడ సూర్యారావుపేటలో నాకు మందుల షాపుంది, ముప్పై రెండేళ్ళుగా. మా చెల్లెలి ఊరి కుర్రవాడొకడు షాపుకొచ్చి, "మా నాన్నకి లివర్లో గడ్డంటండీ. ఆపరేషన్‌కి కుదరదు, కరెంటు పెడతామన్నారు. మీ బావగారు దాంతోనే పోయారంట కదా, వద్దని వచ్చేశాం" అన్నాడు. పందిట్లో అన్న మాట అప్పుడే ఇంకో ఇంటి గడప తొక్కింది. ఇంక నేను మాట్లాడక తప్పదు.

మా బావకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టలేదు. ఒక్క పూట కూడా పెట్టలేదు. ఫైలు నా దగ్గరే ఉంది. చివరి ఆసుపత్రి కాగితంలో రేడియేషన్ అన్న మాట ఒక్కచోట ఉంది: ఇంజెక్షన్లు రెండు మూడు పడ్డాక చూద్దామని. తేదీ కూడా వెయ్యలేదు. రెండో ఇంజెక్షన్ తర్వాత పదకొండో రోజు ఆయన రక్తం కక్కుకుని పోయాడు. జరగని వైద్యం మీద చావు మోపి, జరిగిన అసలు తప్పులన్నిటినీ ఊరంతా మర్చిపోయింది. ఆ తప్పులు ఒకటొకటిగా చెబుతాను. వాటిలో మా ఇంటివారి పాలు ఉంది, నాటువైద్యం పాలు ఉంది, పెద్ద ఆసుపత్రి పాలూ ఉంది.

ఆయన పోవడానికి ఏడాదిన్నర ముందు కళ్ళు పచ్చబడ్డాయి. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు కామెర్లన్నాడు. కామెర్లంటే మన వైపు ఇంగ్లీషు మందు వాడరు. పసరుకు వెళతారు. మూడు రోజులు పరగడుపున పసరు, ఉప్పూ నూనే లేని పథ్యం. మూడు వారాలకు కళ్ళు తెల్లబడ్డాయి. ఆ పసరు వల్లే తగ్గిందని అందరూ నమ్మారు. నమ్మడంలో వింతేమీ లేదు. కాలవలకు కొత్తనీరు వదిలాక పల్లెల్లో వచ్చే కామెర్లు చాలామటుకు తాగే నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. అవి ఎక్కువమందిలో వాటంతటవే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పసరుకు పేరొచ్చింది ఆ రకంగానే. మా బావది ఆ రకం కాదు. ఆయన ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఎన్నేళ్ళుగానో ఉంది. అది అప్పుడప్పుడూ రేగుతుంది, మళ్ళీ అణుగుతుంది. కళ్ళు తెల్లబడినా లోపల కాలేయం గట్టిపడుతూనే ఉంటుంది. ఆ రోజు ఒక్క రక్తపరీక్ష, హెచ్‌బీఎస్‌ఏజీ అంటారు, చేయించి ఉంటే సంగతి బయటపడేది. దానికయ్యే ఖర్చు పసరు దగ్గరికి ఆటోలో వెళ్ళి రావడానికయ్యే దానికంటే పెద్ద ఎక్కువేమీ కాదు.

కామెర్ల పసరులో పేరున్న నేల ఉసిరి సంగతి కూడా చెప్పాలి. దాన్ని తీసిపారేస్తే అన్యాయమవుతుంది. ఆ మొక్కను శాస్త్రం పట్టించుకోలేదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. హెపటైటిస్ బి వైరస్ ఆనవాలు కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి పుచ్చుకున్న బరూచ్ బ్లంబర్గే దాని మీద ఆసక్తి చూపించాడు. మద్రాసులో త్యాగరాజన్ బృందం నేల ఉసిరి పొడి 30 రోజులు ఇచ్చి చూసి, 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని 1988లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత థాయిలాండులో చూశారు, న్యూజిలాండులో చూశారు. అక్కడ ఆ ఫలితం రాలేదు. నేల ఉసిరిని అవమానించి పక్కన పెట్టలేదు. పిలిచి, పీట వేసి, పరీక్ష పెట్టాక పక్కన పెట్టారు. కాలేయంలో గడ్డ వచ్చాక దాన్ని నూరి తాగించడం వేరే మాట. అది రోగి చేతిలో ఉన్న నెలల్ని తాగెయ్యడం.

కళ్ళు తెల్లబడ్డ పది నెలలకు మా బావకు కుడి డొక్కలో బరువు, అన్నం సయించకపోవడం మొదలైంది. విజయవాడలో స్కాను తీశారు. కాలేయం గట్టిపడింది. కుడి భాగంలో ఎనిమిది సెంటీమీటర్ల గడ్డ, కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ నాళం కొమ్మలోకి పాకింది. డాక్టరు గారు చెప్పిన మాట ఒకటే: "ఆపరేషన్‌కు కుదరదు." ఆయన ఆ తర్వాత ఇంకేమన్నా చెప్పారో లేదో మా మేనల్లుడికి గుర్తు లేదు. ఆ మాట చెవిన పడ్డాక వాడికి ఇంకేదీ వినపడలేదు. నాకు కబురు పెట్టలేదు. ఇంట్లో ఆడపిల్లకు సంబంధం చూస్తున్నారు, క్యాన్సర్ అన్న మాట బయటికి పొక్కకూడదనుకున్నారు. సూర్యారావుపేటలో నా షాపుకు మూడు వీధుల అవతల స్కాను తీయించుకుని, నాకు తెలియకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఈ వ్యాసమంతటికీ కీలకం ఆ రోజు కాగితాలే. బిలిరుబిన్ 1.2. ఆల్బుమిన్ 3.6. రక్తం గడ్డకట్టే లెక్క, ఐఎన్ఆర్, 1.2. పొట్టలో నీరు లేదు. మగత లేదు. డాక్టర్లు చైల్డ్-ప్యూ అనే లెక్కలో ఈ ఐదు సంగతులకూ మార్కులు వేస్తారు. ఎంత తక్కువొస్తే అంత మంచిది. అన్నిటికంటే మంచి మార్కు 5. మా బావకు ఆ రోజు సరిగ్గా 5 వచ్చింది. అంటే గడ్డ పెద్దదే, కాలేయం మాత్రం ఇంకా తన పని తాను చేసుకుంటోంది. లివర్ క్యాన్సర్‌లో రోగికి ఉన్నవి రెండు జబ్బులు: ఒకటి గడ్డ, రెండోది ఆ గడ్డ మొలిచిన నేల. ఏ వైద్యం తట్టుకోగలడన్నది ఎక్కువగా ఆ నేల మీదే ఆధారపడి ఉంటుంది. వైద్యం చెయ్యడానికి అనువైన రోజున ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళిపోయారు.

కోతకు కుదరదంటే గడ్డ కోసేశాక మిగిలే కాలేయం మనిషిని బతికించడానికి చాలదనో, గడ్డ పెద్ద రక్తనాళంలోకి వెళ్ళిందనో అర్థం. కత్తి ఒక్కటీ పక్కన పెట్టారు, అంతే. లివర్ క్యాన్సర్ బయటపడేసరికి చాలామందికి కోత కుదరదు. అందుకే దీని వైద్యంలో ఎక్కువ భాగం కత్తి లేని వైద్యమే. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డకు రక్తం తీసుకెళ్ళే నాళాన్ని మందుతో మూసెయ్యడం ఒకటి, దాన్ని టేస్ అంటారు. అదే దారిలో ఇట్రియం-90 పూసలు పంపి లోపలినుంచి కిరణాలు ఇవ్వడం ఇంకొకటి. బయటినుంచి గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, మాత్రలు, రోగనిరోధక శక్తిని లేపే ఇంజెక్షన్లు వీటికి తోడు. కొద్దిమందికి కాలేయ మార్పిడి. "కోతకు కుదరదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయే డాక్టరు సగం మాటే చెప్పినట్టు. మిగతా సగం అడిగి రాబట్టుకోవాలని మనకు ఎవరూ నేర్పలేదు.

ఇక పందిట్లో పెద్దాయన భయం సంగతి. లివర్‌కు కరెంటు పెడితే లివర్ మాడిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఒకప్పుడు ఆధారం ఉండేది, కాదనను. పాత రోజుల్లో కిరణాన్ని గడ్డ మీదికి మాత్రమే పంపే తెలివి యంత్రాలకు లేదు. కాలేయమంతా తడిసేది. కాలేయం మొత్తానికి 30 గ్రే దాటి ఇస్తే అది దెబ్బతిని నీరు పట్టేది. అందుకే పెద్ద డాక్టర్లే లివర్‌కు రేడియేషన్ వద్దనేవాళ్ళు. ఆ తరం చెప్పిన మాట పల్లెల్లో ఇంకా తిరుగుతోంది. ఈలోగా పని మారిపోయింది. ఇప్పుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా గడ్డ ఎటు, ఎంత కదులుతోందో ముందుగా సీటీలో కొలుస్తారు. పొట్టకు బెల్టు బిగించో, ఊపిరి బిగబట్టించో ఆ కదలికను తగ్గిస్తారు. అన్ని దిక్కులనుంచీ సన్నటి కిరణాలు వచ్చి గడ్డ దగ్గర మాత్రమే కలిసేలా లెక్క కడతారు. తగినంత మంచి కాలేయానికి దెబ్బ తగలకుండా ఉండాలి, ఆ లెక్క కుదరకపోతే చెయ్యరు. దీన్ని ఎస్‌బీఆర్‌టీ అంటారు. మామూలుగా మూడు నుంచి ఆరు పూటల్లో అయిపోతుంది. పడుకోబెడతారు, యంత్రం చుట్టూ తిరుగుతుంది, ఒంటికి తగలదు, నొప్పి ఉండదు.

కరెంటన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఒంట్లోకి కరెంటేమీ పోదు. అది ఎక్స్‌రే జాతి కిరణం, కాకపోతే బాగా బలమైనది. యంత్రం ఆగితే కిరణం ఆగుతుంది. ఇంటికొచ్చాక మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. ఇట్రియం పూసలకు మాత్రం కొద్ది రోజులు జాగ్రత్తలు చెబుతారు. ఆ పందిరికి ఎంతో దూరం లేని మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు గారు న్యూయార్కులో క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే వైద్యుడిగానే లోకానికి తెలిశారు, 2015లో పద్మశ్రీ అందుకున్నారు. మన జిల్లా పిల్లవాడు ఆ విద్యలో అంత ఎత్తుకు వెళితే, మన జిల్లా పల్లెల్లో ఆ విద్య పేరు చెబితే చావు గుర్తుకు రావడం నాకు కష్టంగా ఉంటుంది.

సరే, ప్రయోజనం ఎంత? ఇక్కడ అంకెలు దాచకూడదు. కోత కుదరని లివర్ క్యాన్సర్‌కు 2007లో వచ్చిన మొదటి మాత్ర సొరాఫెనిబ్. మాత్ర లేనివాళ్ళలో సగంమంది 7.9 నెలలు దాటితే, మాత్ర వేసుకున్నవాళ్ళలో సగంమంది 10.7 నెలలు దాటారు. కెనడాకు చెందిన లారా డాసన్ నాయకత్వాన ఆర్టీఓజీ 1112 అనే పరీక్ష జరిగింది. 177 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు సొరాఫెనిబ్ మాత్రమే, ఇంకో జట్టుకు ముందు ఐదు పూటల ఎస్‌బీఆర్‌టీ, తర్వాత సొరాఫెనిబ్ ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమందికి గడ్డ మా బావకు లాగే రక్తనాళాల్లోకి పాకింది. మాత్ర మాత్రమే వాడినవాళ్ళలో సగంమంది 12.3 నెలలు దాటారు, రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్ళలో సగంమంది 15.8 నెలలు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం 5.5 నెలల నుంచి 9.2 నెలలకు పెరిగింది. మూడున్నర నెలలే కదా అనొచ్చు. కూతురి పెళ్ళికి పీటల మీద కూర్చోవడానికి మా బావకు కావలసింది నాలుగు నెలలు.

ఈలోగా ఇంజెక్షన్లు వచ్చాయి. అవి ఎలా పనిచేస్తాయో మన డెల్టాలో పుట్టినవాడికి చెప్పడం సులువు. బ్యారేజీ నిండా నీళ్ళున్నా లాకుల తలుపులు దించేస్తే శివారు పొలం ఎండిపోతుంది. ఒంట్లో రోగాన్ని ఎదిరించే టీ కణాలకు కూడా అలాంటి లాకులున్నాయి, సొంత ఒంటినే ముంచెయ్యకుండా. క్యాన్సర్ గడ్డ ఆ లాకుల తాళం దొంగిలించి తన వైపు తలుపులు దించేసుకుంటుంది. ఈ ఇంజెక్షన్ ఆ తలుపులు ఎత్తుతుంది. లాకుల గుట్టు విప్పినందుకే 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది. తలుపులు ఎత్తాక నీళ్ళు ఒక్కోసారి గట్టు తెంపుకుని పక్క పొలాల మీద కూడా పడతాయి. ఊపిరితిత్తులు, పేగులు, థైరాయిడ్, చివరికి కాలేయమే వాచిపోవచ్చు. అందుకే వాడేటప్పుడు కాపలా కావాలి.

2020లో ఐఎంబ్రేవ్150 అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు ఇంజెక్షన్లు కలిపి ఇస్తే, తర్వాత వచ్చిన లెక్కల ప్రకారం సగంమంది 19.2 నెలలు దాటారు, సొరాఫెనిబ్ వాడినవాళ్ళలో 13.4 నెలలు. డుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ జంటతో చేసిన హిమాలయా పరీక్షలో ఐదేళ్ళు నిండేసరికి నూటికి దాదాపు 20 మంది బతికి ఉన్నారు, సొరాఫెనిబ్ వాళ్ళలో 9 మంది. కోతకు కుదరని లివర్ క్యాన్సర్‌లో ఐదేళ్ళన్న మాట నేను షాపు పెట్టిన రోజుల్లో ఎవరి నోటా వినలేదు.

ఇంజెక్షన్‌నూ రేడియేషన్‌నూ కలపాలన్న ఆలోచన ఎందుకొచ్చిందంటే, కిరణం తగిలి చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కలు రక్తంలో కలిసి, టీ కణాలకు ఆ దొంగ గడ్డ ఆనవాళ్ళు పట్టిస్తాయి. ఒకచోట కిరణం పడితే మరోచోట గడ్డ కరగడం అరుదుగా జరుగుతుంది. ఆర్.హెచ్. మోల్ 1953లోనే దానికి పేరు పెట్టాడు. లాకులు ఎత్తే మందు తోడైతే ఆ అరుదు కాస్తా తరచూ జరుగుతుందేమోనని ఆశ. హాంకాంగ్‌లో కోత కుదరని 33 మందికి టేస్, ఎస్‌బీఆర్‌టీ, అవెలుమాబ్ ఇంజెక్షన్ వరసగా ఇచ్చారు. వాళ్ళలో 18 మంది నయం చేసే వైద్యానికి అర్హులయ్యే స్థితికి వచ్చారు. 14 మందికి స్కానులో బతికున్న గడ్డ కనపడలేదు. సింగపూర్‌లో ఇట్రియం పూసల తర్వాత నివోలుమాబ్ ఇస్తే 36 మందిలో నూటికి 30 మందికి గడ్డ తగ్గింది. చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

అయినా ఇక్కడే రెండో పక్షం మీద, అన్నీ కలిపి అమ్మే ఆసుపత్రుల మీద, గొంతెత్తాలి. మా బావను చివరికి చంపిన తప్పు ఈ పక్షంలో ఉంది. హాంకాంగ్ వాళ్ళు 33 మంది, సింగపూర్ వాళ్ళు 36 మంది. రెండింట్లోనూ పోల్చి చూడ్డానికి ఎదురు జట్టు లేదు. ఇవి ఆశ పుట్టించే పరీక్షలు. అందరికీ చెయ్యమని ఆదేశించే పరీక్షలు కావు. రెండు మంచి మందులు కలిస్తే మూడో మంచి పుడుతుందన్న హామీ కూడా లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రేడియేషన్ అయ్యాక డుర్వాలుమాబ్ ఇస్తే అద్భుతంగా పనిచేసింది. అదే మందును రేడియేషన్‌తో పాటే మొదలుపెడితే, పసిఫిక్-2 పరీక్షలో, లాభం రాలేదు. తల, మెడ క్యాన్సర్లలో అవెలుమాబ్‌ను రేడియేషన్‌తో కలిపిన పరీక్ష కూడా ఓడిపోయింది. కాలేయంలోంచి రక్తం ధారగా పోతుంటుంది కనుక కిరణం ఆ రక్తంలో ఉన్న టీ కణాల్ని కూడా చంపుతుంది. ఏది ముందు, ఏది వెనక, ఎంత, ఎవరికి అన్నదాని మీదే అంతా ఉంది. "కొత్త ఇంజెక్షన్, దానికి తోడు రేడియేషన్, నాలుగో స్టేజీ అయినా సెట్ చేస్తాం" అని కౌంటర్ దగ్గర చెప్పే మాట వైద్యం మాట కాదు, బేరం మాట.

మా వాళ్ళతో ఆ బేరం ఆడిన ఆసుపత్రి పేరు చెప్పను. అప్పటికి బావను ఇంటికి తీసుకెళ్ళి ఐదు నెలలైంది. పొట్ట నిండా నీరు. పగలంతా మగత. బిలిరుబిన్ 4.8, ఆల్బుమిన్ 2.4, ఐఎన్ఆర్ 1.9. చైల్డ్-ప్యూ మార్కులు కట్టి చూస్తే 13. ఐఎంబ్రేవ్150లో చేర్చుకున్నది 5, 6 మార్కుల వాళ్ళని. అంటే ఆ మందు ఏ జనం మీద గెలిచిందో ఆ జనంలో మా బావ అప్పటికి లేడు. ఇంకో ఘోరం ఉంది. బెవాసిజుమాబ్ రక్తస్రావం రేపగల మందు. కాలేయం గట్టిపడ్డవాళ్ళకు అన్నవాహికలో నాళాలు ఉబ్బి ఉంటాయి. అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేసి, ఉబ్బిన నాళాలుంటే వాటికి రబ్బరు బ్యాండ్లు వేసి అప్పుడు ఇవ్వాలి. ఫైలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాలుగుసార్లు తిప్పాను. ఎండోస్కోపీ కాగితం లేదు. ముప్పై సెంట్ల మాగాణి అమ్మిన డబ్బుతో రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. తర్వాత జరిగింది పైన చెప్పాను.

మంచి కాలేయం ఉన్న రోజున అందాల్సిన మందు అందలేదు. కాలేయం చేతులెత్తేశాక ఇవ్వకూడని మందు ఇచ్చారు. పందిట్లో పెద్దాయన ఈ రెండు తప్పుల్నీ చూడకుండా మందునే దోషిని చేశారు. చివరి నెలల్లో ఆయనకు కావలసింది నీరు తీయించడం, నొప్పి తగ్గించడం, మగత దిగే మందులు, మంచం పక్కన మనుషులు. అది కూడా వైద్యమే. పెద్దాయన "ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి" అన్నది ఆ రోజుకు సరైన మాట. ఐదు నెలల ముందుకు తప్పు మాట.

"ఇవన్నీ డబ్బున్నవాళ్ళకు" అని ఒక వాదన ఉంది. దానికి నా కౌంటర్ మీద జరిగిన సంగతి చెప్పి జవాబిస్తాను. సొరాఫెనిబ్ బేయర్ కంపెనీది, నెక్సావర్ పేరుతో వచ్చేది. నెల మందు 2,80,428 రూపాయలు. చీటీ తెచ్చిన వాళ్ళు ధర విని, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, థ్యాంక్సండీ అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు మళ్ళీ రారని నాకు తెలుసు. 2012 మార్చి 9న దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు ఆ మందుకే ఇచ్చారు. పుచ్చుకున్నది హైదరాబాదు నాట్కో, దాన్ని పెట్టింది గుంటూరు జిల్లా మనిషి నన్నపనేని వెంకయ్య చౌదరి గారు. అదే నెల మందు 8,880 రూపాయలైంది. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2014లో అక్కడా ఓడిపోయింది. మొదటి డబ్బా 8,880కి అమ్మిన రోజు నాకు బాగా గుర్తుంది. కొన్నది అవనిగడ్డ నుంచి వచ్చిన ఒక టీచరు గారి భార్య. నోట్లు లెక్కపెట్టి, "నెలకేనా అండీ, వారానికి కాదుగా" అని రెండుసార్లు అడిగింది.

ఈ రోజు ఇంజెక్షన్లు, 2012కు ముందు సొరాఫెనిబ్ నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాయి. ఐస్ పెట్టెలో వచ్చే ఒక్కో సీసా ఒక కుటుంబం ఏడాది తిండి. బెవాసిజుమాబ్‌కు హెటిరో లాంటి మన కంపెనీల బయోసిమిలర్లు వచ్చాయి, దాని ధర దిగింది. మిగతావి కూడా దిగాలి. దింపమని అడగాల్సింది మనమే. ధర ఎక్కువని కోపం వస్తే ఆ కోపం ధర మీద చూపించాలి, వైద్యం మీద కాదు. పైగా ఎస్‌బీఆర్‌టీ కొద్ది పూటల్లో ముగిసే వైద్యం, నెలనెలా కొనే ఇంజెక్షన్ కాదు. ఇంజెక్షన్ కొనలేని మనిషికి కూడా టేస్, రేడియేషన్, మాత్ర అనే దారి తెరిచే ఉంటుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏవి వర్తిస్తాయో ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర నిలదీసి అడగాలి. అడగడానికి సిగ్గుపడేవాళ్ళు మన దగ్గర ఎక్కువ.

ముక్కపరీక్ష చేస్తే గడ్డ పాకుతుందని పారిపోయేవాళ్ళూ ఉన్నారు. కాలేయం గట్టిపడ్డవాళ్ళలో రంగుమందు ఎక్కించి తీసే ట్రైఫేజిక్ సీటీలోనే లివర్ క్యాన్సర్ తన ఆనవాలు చూపిస్తుంది, చాలాసార్లు ముక్క తియ్యక్కర్లేదు. ఆ భయం ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోవడానికి కారణం కాకూడదు.

మా షాపుకొచ్చిన కుర్రవాణ్ణి కూర్చోబెట్టి వాళ్ళ నాన్న కాగితాలు చూశాను. బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 3.7, పొట్టలో నీరు లేదు. బిల్లు వెనక రాసిచ్చాను: మా నాన్న చైల్డ్-ప్యూ మార్కులెన్ని? గడ్డ పోర్టల్ నాళంలోకి వెళ్ళిందా? ఎండోస్కోపీ చేశారా? బి, సి వైరస్‌లు చూశారా, ఉంటే వాటి మందు మొదలుపెట్టారా? సర్జను, రేడియేషన్ డాక్టరు, క్యాన్సర్ మందుల డాక్టరు, కాలేయ డాక్టరు కలిసి కూర్చుని ఈ కేసు మాట్లాడుకున్నారా? లివర్ ఎస్‌బీఆర్‌టీ మీరు తరచూ చేస్తారా, ఊపిరి కదలికను ఎలా కొలుస్తారు? ఇంజెక్షన్‌నూ రేడియేషన్‌నూ కలుపుతామంటే, అది అందరికీ ఇచ్చే వైద్యంగా చేస్తున్నారా, పరిశోధనలో భాగంగా చేస్తున్నారా? కుర్రవాడు బిల్లు చదువుకుని, "ఇన్ని అడిగితే డాక్టరుగారు తిడతారేమో అండీ" అన్నాడు. తిట్టే డాక్టరైతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. వాడు తండ్రిని వెనక్కి తీసుకెళ్ళాడు. ఐదు పూటల ఎస్‌బీఆర్‌టీ అయింది. ఆయన గుడివాడ బస్సులో ఒక్కడే వచ్చి వెళ్ళేవాడు. తర్వాత ఏం జరుగుతుందో నేను చెప్పలేను. ఆ ఐదు పూటల్లో ఆయన చావలేదు, అది మాత్రం ఊళ్ళో అందరూ చూశారు.

మా చెల్లెలి పిల్లలు ముగ్గురికీ హెపటైటిస్ బి పరీక్ష చేయించాను. బి టీకా మన గడ్డ మీద, హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే తయారు చేసింది. దేశమంతటా పసిపిల్లలకు తప్పనిసరి టీకాల్లో చేరింది మాత్రం 2011లో. వీళ్ళు అంతకు ముందే పుట్టినవాళ్ళు. ఇద్దరికి లేదు, టీకా వేయించాం. మజ్జిగ గిన్నె వదిలి పెరట్లోకి వెళ్ళిపోయిన పెద్దవాడికి ఉంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. రోజూ రాత్రి భోజనమయ్యాక వేసుకుంటున్నాడు. ఆరు నెలలకోసారి పొట్ట స్కాను తీయించాలి. మొదటిది బాగానే వచ్చింది. రెండోది సంక్రాంతి వెళ్ళాక. "మావయ్యా, ఆ స్కాను దగ్గర నువ్వు కూడా ఉండు" అన్నాడు. తేదీ షాపు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.